కోడిపేగు గురించి రాసిన తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం నిన్న రాత్రి రెండుసార్లు చదివినా. భాష బాగుంది. కానీ "కోడి తిన్న గింజలోని చక్కెరను పేగు పీల్చుకుంటుంది" అని ఒక్క ముక్కలో తేల్చేసి మేత ధరల్లోకి పోయినావు చూడు, అక్కడ నాకు ప్రాణం ఉసూరుమనింది. నేనూ మొదట్లో ఇట్లే రాసినా, పేగంతా ఒకటే పని చేస్తుందన్నట్టు, ఒక వెటర్నరీ డాక్టర్ ఆ పేజీ మీద ఎర్ర ఇంకుతో "ఎక్కడ?" అని ఒకే మాట రాసి తిప్పి పంపినాడు. ఆ కాగితం ఇంకా దాచుకోనుండా.

ఒక మొక్కజొన్న నూక తీసుకోని దాని ఎంబడే నడువు. గొంతు కింద మేత సంచిలో నాని, కందనకాయలో నలిగి పేగులోకి వస్తుంది. మొదట్లోనే పేగు జడపిన్ను మాదిరి వంగుంటుంది, ఆ వంపులో క్లోమం ఇరుక్కోనుంటుంది. క్లోమరసం పిండిని చిన్న ముక్కలు చేస్తే, పేగు గోడ మీది ఎంజైములు వాటిని గ్లూకోజ్ అనే చక్కెరగా చేస్తాయి. ఆ వంపులో, దాని తర్వాత పేగులోనే చక్కెర చాలామటుకు లోపలికి పోతుంది. ఇంకా కిందికి పోతే చిన్న మొటిమ లాంటిది చేతికి తగుల్తుంది, పిల్ల గుడ్డులో ఉన్నప్పుడు పచ్చసొన అతుక్కోనున్న చోటు అది! అది దాటితే చివరి భాగం, అక్కడికి మిగిలొచ్చేది కొంచెమే. కడాన రెండు గుడ్డిపేగులు, అంటే ఒక కొస మూసుకోనుండే సంచుల్లాంటివి, వాటి మొదళ్లు కూడా గ్లూకోజ్‌ని లాక్కోగలవు.

ఎట్లా లాక్కుంటాయో కూడా రాయి. మన ఓఆర్ఎస్ పొట్లంలో ఉప్పు, చక్కెర కలిపి ఎందుకుంటాయో ఆ కారణమే, సోడియం లోపలికి పోతా గ్లూకోజ్‌ని ఎంట తీసుకోని పోతుంది. ఇది 1960లో రాబర్ట్ క్రేన్ అనే అమెరికా శాస్త్రవేత్త చెప్పిన సంగతి. పిచ్చుక లాంటి చిన్న పక్షుల్లో ఇంకో దారి ఉంది, కణాల మధ్య సందుల్లోంచి. దాన్ని ఎట్లా పట్టుకున్నారంటే, గ్లూకోజ్‌కి అద్దంలో బొమ్మ లాంటి ఎల్-గ్లూకోజ్ పెట్టినారు, కణంలోని ద్వారాలు దాన్ని గుర్తుపట్టవు, అయినా రక్తంలోకి వచ్చిందంటే సందుల్లోంచి వచ్చినట్టే గదా. ఎగరాలంటే పొట్ట తేలిగ్గా ఉండాల, పేగు చిన్నది, ఆ లోటు ఇట్లా పూడ్చుకుంటాయని శాస్త్రవేత్తల మాట. నీ వ్యాసంలో ఇదొక్కటి పెట్టినా చదివేవాళ్లు ఆగి చూస్తారు.

ఇంకోటి. ఎండాకాలం తిరుపతిలో మిద్దెల మీద పిల్లోళ్లు పక్షులకి పంచదార నీళ్లు పెడతారు, మంచి మనసే, కానీ గోరువంకల కుటుంబానికి పంచదారని విడగొట్టే సుక్రేజ్ ఎంజైమే లేదు. విడిపోని పంచదార పేగులోనే ఉండి నీళ్లని లాగి విరేచనాలు పట్టిస్తుంది. తేనెపిట్టకి మాత్రం అదే పంచదార హాయిగా అరుగుతుంది. పక్షి అని ఒక్క మాటలో రాస్తే ఇది పోతుంది, ఏ పక్షి అని రాయి. పిల్లోళ్లకి ఉత్త నీళ్లు పెట్టమని కూడా రాయి, మర్చిపోవద్దు.

ఆదివారం పొద్దున ఆరున్నరకి కొర్లగుంటకి వచ్చేయ్. నాటుకోడి పేగు పారేయకుండా మొత్తం అట్టనే పెట్టమని షాపాయనకి చెప్పినా, ఒక స్టీల్ ప్లేటు నేను తెస్తా, ఆ మొటిమ ఎక్కడుందో నువ్వే వేలుతో తడిమి చూద్దువు.

మీ అన్న