బొమ్మ ఫ్లాట్‌గా ఎందుకు వస్తోంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సార్, మా అమ్మాయి బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఎంట్రన్స్‌కి ప్రిపేర్ అవుతోంది. ఎలిమెంట్స్ ఆఫ్ ఆర్ట్, ప్రిన్సిపుల్స్ ఆఫ్ ఆర్ట్ అని రెండు లిస్టులు బట్టీ పడుతోంది. ఎలిమెంట్స్ ఒక పుస్తకంలో ఏడున్నాయి, ఇంకోదాంట్లో ఆరే. ఏది కరెక్టు? అసలు ఈ రెండు లిస్టులకీ తేడా ఏంటి?
– ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: రెండు పుస్తకాలూ కరెక్టేనమ్మా, నంబర్ గురించి కంగారు పడొద్దు. గీత, ఆకారం, ఘనరూపం, రంగు, టోన్ (వెలుగు, ముదురు), టెక్స్చర్ (గరుకు, నునుపు), స్పేస్ (చోటు) అని ఏడు చెప్తారు, కొందరు టోన్‌ని రంగులో కలిపేస్తారు, అప్పుడు ఆరవుతాయి, అంతే. మనవాళ్ళూ ఆరే చెప్పారు, కామసూత్రాల మీద యశోధరుడు రాసిన జయమంగళ వ్యాఖ్యలో రూపభేదం (రూపాల తేడా), ప్రమాణం (కొలతలు), భావం, లావణ్యయోజన (అందం కూర్చడం), సాదృశ్యం (పోలిక), వర్ణికాభంగం (రంగులు వాడే తీరు) అని చిత్రానికి షడంగాలున్నాయి. కాకపోతే అందులో భావం కూడా ఒక అంగం, ఇప్పటి లిస్టుల్లో దానికి చోటే లేదు, నాకైతే అది పెద్ద లోటు అనిపిస్తుంది.

ఇక తేడా అంటారా, ఎలిమెంట్‌ని వేలు పెట్టి చూపించొచ్చు, ఇదిగో గీత, ఇదిగో నీలం అని. ప్రిన్సిపుల్‌ని అలా చూపించలేం, అది వాటి మధ్య ఉండే సంబంధం. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ 1831 ప్రాంతంలో చేసిన పెద్ద అల ప్రింట్ ఉంది కదా, అది అమ్మాయి ముందు పెట్టండి. ఎడమవైపు అంతెత్తున లేచిన అల, కింద అలల మధ్యలో ఇంత చిన్నగా ఫుజి కొండ. నీలం, తెలుపు, వంపు గీత ఇవి ఎలిమెంట్స్. అంత పెద్ద కొండ అల ముందు అంత చిన్నదైపోవడం కాంట్రాస్ట్, కన్ను అల వంపు పట్టుకుని జారి కొండ దగ్గరికి చేరడం మూవ్‌మెంట్, ఎడమవైపు బరువంతా ఉన్నా కుడివైపు ఖాళీ ఆకాశం దాన్ని నిలబెట్టడం బ్యాలెన్స్. ఇలా ఓ పది బొమ్మలు చూపిస్తే బట్టీ పట్టే పనే ఉండదు.

ప్రశ్న: మంచి వాటర్ కలర్స్, మంచి పేపర్ కొన్నాను. ఎన్ని రంగులు వేసినా బొమ్మ అతికించినట్టు ఫ్లాట్‌గానే వస్తోంది. ఏం చేయాలి?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: రంగుల్ని ఏమీ అనకండి, మీకు కావాల్సింది టోన్. టోన్ అంటే ఆ రంగు ఎంత వెలుగు, ఎంత ముదురు అన్నది. మీ బొమ్మని ఫోన్‌లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ పెట్టి చూడండి, ఎర్ర చీర, వెనకాల పచ్చ ఆకులు రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోతుంటే జబ్బు దొరికినట్టే. కంటికి ఎరుపు, ఆకుపచ్చ వేరుగా కనిపిస్తాయి గానీ రెండిటి ముదురుతనం ఒకటే అయితే లోతు రాదు.

కొన్నాళ్ళు రంగులు పక్కన పెట్టి, ఒక్క 4బి (మెత్తటి, నల్లటి) పెన్సిల్‌తో ఒక మట్టి కుండ వేయండి. కిటికీ పక్కన పెట్టి, లైట్లన్నీ ఆపేసి, కళ్ళు సగం మూసి చూడండి. వెలుగు తగిలే చోటు, అక్కడ్నించి మెల్లగా ముదురయ్యే చోటు, తర్వాత బాగా నల్లటి పట్టీ, ఆ పట్టీ దాటాక అంచు దగ్గర మళ్ళీ సన్నగా ఒక వెలుగు కనిపిస్తుంది, అది బల్ల మీద నుంచి ఎగిరి వచ్చిన వెలుగు. చాలామంది దీన్ని చూడకుండా అంచు దాకా నలుపు రుద్దేస్తారు, కుండ కాస్తా పళ్ళెం అయిపోతుంది. ఆ సన్నటి వెలుగుని నలుపు రుద్దకుండా ఉంచండి, కానీ వెలుగు తగిలిన వైపు కన్నా ముదురుగానే ఉంచండి. కుండ గుండ్రంగా తిరిగి కనిపిస్తుంది.

ప్రశ్న: టోన్ లేకపోతే బొమ్మ లేదంటారు కదా, మరి చేర్యాల పటాల్లో నీడలే ఉండవు, అయినా బాగుంటాయి. ఎలా?
– ఓ విద్యార్థిని, సిద్దిపేట

జవాబు: చాలా మంచి ప్రశ్న తల్లీ. కుండ గుండ్రంగా కనపడాలంటే టోన్ కావాలి గానీ ప్రతి బొమ్మకీ గుండ్రంగా కనపడాలన్న కోరిక ఉండదు. చేర్యాల పటం కథ చెప్పడానికి పుట్టింది, చుట్ట విప్పుకుంటూ ఒక్కో గడి చూపించి పాడేవాళ్ళు. అక్కడ పని మొత్తం ఎర్రటి బ్యాక్‌గ్రౌండ్, గట్టి గీత చేస్తాయి, ఎవరు ముఖ్యమో సైజు చెప్తుంది. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద 16వ శతాబ్దపు బొమ్మలు చూడు, ముఖాలు పక్కవాటు, ముదురు గీత ఒక్క ఊపులో సాగుతుంది, చీరల మీద డిజైన్లు ఒక్కోటి ఒక్కో రకం, అక్కడ లోతు కన్నా ఆ డిజైన్లే ఎక్కువ మాట్లాడతాయి. శ్రీకాళహస్తి కలంకారీలో అయితే ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో గీసిన గీత కరక్కాయ పట్టించిన గుడ్డ మీద నల్లబడిపోతుంది, దాన్ని చెరపడం కుదరదు, అందుకే ఆ గీతకి అంత ధైర్యం.

ఒక్కటి మాత్రం చేయకు. ఈమధ్య చాలామంది చేర్యాల స్టైల్లో బట్టలు, చెట్లు ఫ్లాట్‌గా వేసి ముఖం ఒక్కటీ ఫొటోలా షేడింగ్ చేస్తున్నారు, ముఖం వేరే బొమ్మలోంచి కోసి అతికించినట్టుంటుంది, ప్రిన్సిపుల్స్ లిస్టులో యూనిటీ అంటారే, అది పోయేది అక్కడే. ముఖాన్ని కూడా గీతకే వదిలెయ్యి, కళ్ళు పెద్దవిగా, స్పష్టంగా తీర్చు.