ఆయనకు విశ్రాంతి వచ్చింది, మరి మీకు?

ప్రశ్న: మాది అనంతపురం. నాకు 64 ఏళ్లు. మావారు ప్రభుత్వ ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందారు. చిన్నప్పటి నుంచి బొమ్మలంటే ఇష్టం, ఉద్యోగంలో తీరిక దొరకలేదు. ఇప్పుడు పొద్దున కాఫీ తాగి కూర్చున్నారంటే భోజనానికి రెండు మూడుసార్లు పిలవాలి. వేసేవన్నీ వాళ్ల ఊరి బొమ్మలే: మోట బావి, చింతతోపు, వేరుశనగ కాయలు ఒలిచే ఆడవాళ్లు. ఆ ఊళ్లో నేనూ చాలా ఏళ్లు కాపురం చేశాను. రాత్రయితే ఫోనులో రంగులు కలిపే వీడియోలు చూస్తారు. ముందుగది నిండా టర్పెంటైన్ వాసన, నాకు దగ్గు. మా చెల్లెలింటికి రమ్మంటే రారు. అబ్బాయికి చెబితే ‘ఏదో కాలక్షేపం, వదిలెయ్యమ్మా’ అంటాడు. మొన్న మా అత్తగారి బొమ్మ వేసి చీర అంచు ఆకుపచ్చగా దిద్దారు. అది నేరేడుపండు రంగు. చెప్పబుద్ధి కాలేదు. బొమ్మల మీద అసూయ పడుతున్నానేమోనని సిగ్గుగా ఉంది.

జవాబు: అమ్మా, ముందు మీ దగ్గు సంగతి చూద్దాం. టర్పెంటైన్ ఆవిరి ముక్కునూ గొంతునూ రేపుతుంది. ఎండకు భయపడి కిటికీలు మూసుకునే మన ఊళ్లో అది గదిలోనే ఉండిపోతుంది. ఆయన రంగుల సామాను వెనక వసారాలోకో, గాలి ఆడే మరో చోటికో మారాలి. ఇందులో బతిమాలుకోవలసింది ఏమీ లేదు. కుంచెలకు టర్పెంటైనే అక్కర్లేదు, తుడిచి, వంటనూనెతో రుద్ది, సబ్బుతో కడిగినా శుభ్రపడతాయి. నీళ్లతో కలిపే ఆక్రిలిక్ రంగులు వాడమంటే ఆయన ముఖం చిట్లిస్తారేమో. మన పొడిగాలికి అవి పళ్లెంలోనే ఆరిపోతాయి కాబట్టి ఆ చిరాకులో కొంత న్యాయం ఉంది. తైలవర్ణాల్లో ఉండే అవిసె నూనె అంటిన గుడ్డలను మాత్రం ఉండచుట్టి మూల పడేయనివ్వకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు. విడివిడిగా పరిచి ఆరబెట్టాలి. సామాను మార్చాక కూడా దగ్గు తగ్గకపోతే వాసన మీదకు నెట్టేయకుండా డాక్టరుకు చూపించుకోండి.

ఇక అసూయ. ఆయన ఉద్యోగం ముగిసింది, మీది ముగియలేదు. కాఫీ మీరే ఇవ్వాలి, వంట మీరే చేయాలి, అన్నానికి రమ్మని కూడా మీరే పిలవాలి. ఆయన తీరికలో పెద్ద భాగం మీ చేతుల మీదుగా వచ్చిందే. దానికి కష్టం అనిపించడాన్ని అసూయ అనుకుని మిమ్మల్ని మీరు నిందించుకుంటున్నారు. మీ అబ్బాయి మాట కూడా నాకు నచ్చలేదు. దాంతో తండ్రి పనికి విలువ లేకుండా పోయింది, తల్లి బాధకు జవాబూ దొరకలేదు.

ఆయన ఆ ఊరినే ఎందుకు పట్టుకున్నారంటే, పెద్ద వయసులో మనసు ఎక్కువగా పదేళ్లకూ ముప్పై ఏళ్లకూ మధ్య జరిగినవాటి దగ్గరికే వెళుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని చాలా పరిశోధనల్లో గమనించారు. మీరు ఆ ఇంట్లో అడుగుపెట్టింది కూడా బహుశా ఆయన ఆ వయసులో ఉన్నప్పుడే. అయినా మీ ఉత్తరంలోని బొమ్మల్లో మీరు లేరు. నాకు తట్టిన అసలు ప్రశ్న అదే. ఆయనను అడగండి, దెప్పినట్టు కాకుండా: ‘కాయలు ఒలిచేవాళ్లలో నేను లేనా?’ అని.

అంచు రంగు కూడా చెప్పేయండి. ఇంట్లో ఎవరికీ పట్టని బొమ్మను చీర అంచు దాకా చూసింది మీరొక్కరే. ఆయన నొచ్చుకుంటారేమో, నొచ్చుకోనివ్వండి. కొడుకుగా ఆయన చూసిన ఊరు వేరు, కోడలిగా మీరు చూసిన ఊరు వేరు. ఆ రెండోది ఆయనకు వీడియోల్లో దొరకదు.

చెల్లెలింటికి ముందు ఇద్దరూ ఒకసారి లేపాక్షికి వెళ్లిరండి. హిందూపురం వరకు రైలు ఉంది, అక్కడి నుంచి సుమారు 15 కిలోమీటర్లు. వీరభద్రాలయ మండపాల పైకప్పు మీద 16వ శతాబ్దపు విజయనగర చిత్రాలున్నాయి. రంగులు చాలాచోట్ల వెలిసిపోయినా ఆడవాళ్ల చీరల అంచులూ, గళ్లూ, కొప్పులూ ఇంకా తెలుస్తాయి. ఈ వయసులో మెడ ఎత్తి ఎంతసేపు చూడగలరు? ఒక చేతి అద్దం పట్టుకెళ్లి నడుము ఎత్తున పట్టుకోండి, పైకప్పు అందులో కనిపిస్తుంది. గీతల సంగతి ఆయన చెబుతారు, చీరల సంగతి మీరు చెప్పండి. తిరిగి వచ్చే రైల్లో చెల్లెలింటి ప్రయాణానికి తేదీ అడగండి. ‘చూద్దాంలే’ అనే జవాబుకు ఒప్పుకోకండి.

పొద్దున కాఫీ ఇకపై ఆయన కలపాలి. రంగులు అంత ఓపికగా కలిపే మనిషికి డికాషన్‌లో పాలు కలపడం రాకపోదు. మధ్యాహ్నం భోజనానికి ఒక్కసారే పిలవండి. రాకపోతే మీరు వేడిగా తినేయండి. ఆయన ఎప్పుడు తింటే అప్పుడు వడ్డించుకుని, కంచం కడిగి పెడతారు.