చీర మీద ఫొటో ఊడిపోతుంటే ముందు గంజి సంగతి చూడండి

అమ్మమ్మ నేతచీర మీదికి ఆవిడ ఫొటో దింపుతుంటే, కాగితం రుద్దేటప్పుడు ముఖం దగ్గర ఊడిపోయిందని, ఉన్నది ఆ ఒక్క చీరే అని రాశారు. ముందు ఆ చీర మడతపెట్టి బీరువాలో పెట్టేయండి. మిగతా ప్రయోగాలు పాత పంచె ముక్క మీద చేయొచ్చు.

నాకూ ఇదే జరిగింది. మా నాన్నమ్మ పొందూరు ఖద్దరు చీర ముక్క మీద ఆవిడ ఫొటో వేస్తే, రెండు కళ్లూ కాగితంతోపాటే లేచి వచ్చేశాయి. ఆ రోజు అన్నం సయించలేదు. కారణం గంజి. అది నూలులో ఉండిపోతే జెల్ మీడియం (ప్రింటును బట్టకు అంటించే చిక్కటి యాక్రిలిక్ జిగురు) దారానికి పట్టదు, గంజి పొర మీదే ఆరుతుంది, తడి తగలగానే గంజి మెత్తబడి బొమ్మ లేచిపోతుంది. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, నీళ్లలో జిగురు తగలనంత వరకూ జాడించండి.

ప్రింటు జిరాక్స్ షాపులో లేజర్‌దే తీయించండి, మిర్రర్ చేయించి (అంటే బొమ్మను ఎడమ కుడి తిప్పించి). ఇంట్లో ఇంక్‌జెట్ సిరా నీళ్లకు చెదిరిపోతుంది. లేజర్ ప్రింటులోని టోనర్ ప్లాస్టిక్ పొడి కాబట్టి కాగితం పోయినా జెల్‌లో ఇరుక్కుని నిలుస్తుంది.

ప్రింటుకు జెల్ పూసి, బొమ్మ వైపు బట్టకు ఆనేలా అంటించాక, ఇక ఆరబెట్టడం. మన వైజాగ్‌లో ఆగస్టులో తువ్వాలే ఆరదు, అందుకని నేను రెండు రోజులు ఫ్యాను కింద వదిలేస్తాను. తర్వాత కాగితం తడిపి, గోరు తగలకుండా వేలి కొసతో కొంచెం కొంచెంగా రుద్దాలి. ఆరాక తెల్లగా పొగలా కనిపిస్తే మళ్లీ తడిపి రుద్దండి, తొందరపడొద్దు.

బీచ్‌లో ఏరిన మేకులు, వల ముక్కలు కూడా బట్ట మీద పెడతానన్నారు కదా, వాటిని మంచినీళ్లలో రెండుమూడు రోజులు, నీళ్లు మారుస్తూ నానబెట్టండి. ఉప్పు మిగిలితే అది తేమను లాగుతూనే ఉంటుంది, మేకు తుప్పు బట్టకు పాకుతుంది. మేకులు మాత్రం బాగా ఆరాక వార్నిష్ పూసి అప్పుడే వాడండి. గమ్‌తో అంటించకుండా కుట్టేయండి, గమ్ పెడితే బట్ట అట్టలా బిగుసుకుంటుంది.

బొమ్మ మసకగా వస్తోందని మాత్రం బాధపడకండి. అమెరికా కళాకారుడు రాబర్ట్ రాషెన్‌బర్గ్ 1974లో మొదలుపెట్టిన ‘హోర్‌ఫ్రాస్ట్’ వరుసలో పత్రికల బొమ్మల్ని సాల్వెంట్‌తో (సిరాను కరిగించే ద్రవంతో) పల్చటి పట్టు, శాటిన్ మీదికి దింపాడు. అవీ మసకే, గాలికి కదిలే బట్టలో ఆ మసకే అందం.

ఊడిపోయిన చోట మళ్లీ ప్రింటు అంటించకండి. నేను నాన్నమ్మ కళ్లున్న చోట, ఆవిడ దారాల డబ్బాలోంచే నల్లదారం తీసి కుట్టాను.