మొగ పూడిక తీయించడానికి బోటు ఓనర్ల చందా సరిపోతుందా?

మీ ఊరి చిన్న ఫిషింగ్ హార్బర్ మొగ, అంటే బోట్లు సముద్రంలోకి వెళ్లి వచ్చే దారి, తవ్విన రెండేళ్లకే పూడిపోతోందని, ఓనర్లే తలా కొంత వేసుకుని తవ్విస్తే ఎలా ఉంటుందని అడిగారు. మాది బందరు దగ్గర గిలకలదిండి, ఇంట్లో బోటు ఉంది. నా మాట ఒకటే: చందాలతో నీటి అడుగు ఇసుక తవ్వే డ్రెడ్జర్‌ని తేలేరు, ఆ డబ్బుతో లోతు కొలిపించండి.

మాకు సప్తమి, అష్టమి రోజుల్లో పోటు సరిగా ఎక్కదు. బోటు నడిపే సరంగు ఇంజను తగ్గిస్తాడు, కళాసీ ముందు నిలబడి గెడ దింపి లోతు చూస్తూ అరుస్తుంటాడు. నీళ్లు చాలకపోతే బయటే లంగరు వేసి తర్వాతి పోటు దాకా ఆగాలి. ఈలోగా ఐసు కరుగుతుంది, రొయ్య తల నల్లబడుతుంది, ఒడ్డున ధర పడిపోతుంది. ఈ నష్టం ఏ లెక్కలోనూ ఉండదు. ఏ బోటు ఎంతసేపు ఆగిందో, ఎంత ధర పోయిందో పుస్తకంలో రాయించండి. లోతు సర్వే, ఈ పుస్తకం రెండూ చేతిలో ఉంటే మత్స్యశాఖ దగ్గర మీ అర్జీకి బలం వస్తుంది.

తవ్విన ఇసుక ఎక్కడ పోస్తున్నారో కూడా చూసుకోవాలి. నైరుతి కాలంలో మన తీరం వెంట ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. అందుకే విశాఖలో పోర్టు దగ్గర ఆగిన ఇసుకను తవ్వి ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్ వైపు పంపు చేస్తారు. మా దగ్గర ఒకసారి కాంట్రాక్టరు మొగకు దక్షిణాన, ఒడ్డునే గుట్ట పోశాడు. ఒక్క వర్షాకాలంలో అదంతా మళ్లీ మొగలోకే వచ్చింది. బిల్లు మాత్రం చెల్లిపోయింది! డ్రెడ్జర్ తిరిగిన గంటలకు కాదు, ముందూ వెనకా సర్వేల్లో తేలిన తేడాకే డబ్బివ్వాలని టెండర్‌లో పెట్టించండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి పనికి బోట్లు అడ్డం రావు. వానలు తగ్గాక ఇంకోసారి కొలిపించండి.

నిధుల సంగతికొస్తే, 2018-19లో కేంద్రం పెట్టిన రూ.7,522 కోట్ల మత్స్య మౌలిక వసతుల నిధి నుంచి వచ్చేది అప్పు. అలలను ఆపే గోడలకు, జెట్టీలకు అది పనికొస్తుంది. ఏటా పూడే ఇసుక కోసం అప్పు చేస్తే తీరేది కాదు, దానికి రాష్ట్ర బడ్జెట్‌లో ఏటా ఒక పద్దు ఉండాలి, మీరు పట్టుబట్టాల్సింది అక్కడే. కొత్త గోడలు కట్టే ప్రతిపాదనకు పర్యావరణ అనుమతి అవసరమైతే, ఏటా చేసే డ్రెడ్జింగ్‌ను అందులోనే రాయించండి. పర్యావరణ అనుమతులపై కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం అలా ముందే చేర్చిన దానికి మళ్లీ ఆ అనుమతి అడగనక్కర్లేదు.