ప్రమోషన్ ఆశ గురించి రాస్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

నీ వ్యాసం శ్రద్ధగా చదివాను. నీ ఫుట్‌బాల్ జట్టు మీద నీకెంత ప్రాణమో ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. కానీ ఈ సీజన్‌లో పైకి వెళ్తామన్న ఆశ ఉందని చెబుతూ పోయావే తప్ప, ఆ ఆశతో నీ రోజు ఎలా గడుస్తోందో రాయలేదు. ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్‌కి ఒక మెట్టు కిందున్న ఛాంపియన్‌షిప్ లీగ్‌లో ప్రమోషన్ కోసం, అంటే పై లీగ్‌కి ఎక్కడం కోసం, కాచుకుని కూర్చున్న అభిమాని పొద్దున లేస్తే పాయింట్ల పట్టికే చూస్తాడు. మనకు ఎన్ని మ్యాచ్‌లు మిగిలాయి, పైనున్నవాళ్లు ఎవరితో ఆడాలి, పాయింట్లు సమానమైతే గోల్ డిఫరెన్స్ (కొట్టిన గోల్స్‌కీ, ఇచ్చుకున్న గోల్స్‌కీ ఉన్న తేడా) సరిపోతుందా? తనకు సంబంధం లేని రెండు జట్లు ఆడుతుంటే కూడా డ్రా కావాలని మొక్కుకుంటాడు. ఆ లెక్కలన్నీ రాయి. పాఠకుడికి నీ టెన్షన్ అందేది వాటి వల్లే.

కోచ్ వ్యూహాల మీద రాసిన రెండు పేరాలు తీసెయ్. అవి రాయడానికి వేరేవాళ్లున్నారు.

అసలు నేను చెప్పదలచుకున్నది ఇది: ఫలితం తెలియకముందే రాయాలి. 2024-25 సీజన్ గుర్తు తెచ్చుకో. 24 జట్లు, ఒక్కో జట్టుకు 46 మ్యాచ్‌లు. లీడ్స్, బర్న్‌లీ చెరో 100 పాయింట్లతో నేరుగా ప్రీమియర్ లీగ్‌కి వెళ్లిపోయాయి. షెఫీల్డ్ యునైటెడ్ 90 పాయింట్లు తెచ్చుకుని కూడా మూడో స్థానంలో ఆగింది. మిగిలిన ఒక్క చోటు కోసం 3 నుంచి 6 స్థానాల్లో ఉన్న జట్లు ప్లేఆఫ్స్ అనే నాకౌట్ మ్యాచ్‌లు ఆడాయి. నాలుగో స్థానంలో ఉన్న సండర్‌లాండ్‌కి 76 పాయింట్లే. పైగా లీగ్‌లో ఆఖరి ఐదు మ్యాచ్‌లూ ఓడిపోయింది. అయినా లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో అదే షెఫీల్డ్ యునైటెడ్‌తో జరిగిన ఫైనల్లో ముందు గోల్ ఇచ్చుకుని, తర్వాత సమం చేసి, ఇంజురీ టైమ్‌లో టామ్ వాట్సన్ గోల్‌తో 2-1తో గెలిచింది. షెఫీల్డ్ సీజనంతా కష్టపడి సంపాదించిన 14 పాయింట్ల తేడా ఆ ఒక్క మ్యాచ్‌లో ఎందుకూ కొరగాకుండా పోయింది.

ఇప్పుడు ఆ ఐదో ఓటమి రోజు రాత్రి సండర్‌లాండ్ అభిమాని ఏం రాసుంటాడో ఊహించు. ఈ జట్టు ఇక పైకి వెళ్లదని రాసుంటాడు, కోపంతో, ఏడుపుతో. ఆ కోపం నిజం. గెలిచాక అదే రాత్రి గురించి రాయమంటే, మాకు ముందే నమ్మకం ఉండిందని రాస్తాడు. తెలియకుండానే అబద్ధం వచ్చేస్తుంది.

2013లో లెస్టర్ మీద వాట్‌ఫర్డ్ ఆడిన ప్లేఆఫ్ సెమీఫైనల్ గురించి నువ్వూ రాశావు. వాట్‌ఫర్డ్ కీపర్ పెనాల్టీ ఆపడం, అదే ఊపులో అటు చివర ట్రాయ్ డీనీ గోల్ కొట్టడం, జనం మైదానంలోకి దూసుకురావడం బాగా వచ్చాయి. కానీ అక్కడితో ఆపేశావు. రెండు వారాలకు వాట్‌ఫర్డ్ ఫైనల్లో క్రిస్టల్ ప్యాలెస్ చేతిలో ఓడిపోయింది. అదీ రాయి. ప్రమోషన్ కోసం చూసేవాళ్ల సంతోషం ఎంతకాలం నిలుస్తుందో అప్పుడే తెలుస్తుంది.

నీ వ్యాసంలో అన్నిటికన్నా మంచి వాక్యం చివరి పేరాలో దాక్కుని ఉంది: 'పైకి వెళ్తే వారం వారం ఓడిపోతామని తెలుసు, అయినా వెళ్లాలి.' దాన్ని ముందుకు తీసుకురా. 2023-24లో పైకి వచ్చిన మూడు జట్లూ అదే ఏడాది దిగిపోయాయి, మరుసటి ఏడు వచ్చిన మూడూ అంతే. ఐదో అంచె నుంచి 2014లో బయటపడిన లూటన్ 2023లో ప్రీమియర్ లీగ్ చేరి, ఆపై వరసగా రెండేళ్లు కిందకు జారింది. ఇవన్నీ నీకు తెలుసు. అన్నీ తెలిసి కూడా ఎందుకు వెళ్లాలనిపిస్తోంది? దానికి జవాబు వెతుకుతూ రాయి, దొరక్కపోయినా ఫరవాలేదు.

సీజన్‌లో ఇంకా మ్యాచ్‌లు మిగిలున్నాయి కదా. ఆఖరి మ్యాచ్ కన్నా ముందే తిరగరాసి, పైన తేదీ వేసి నాకు పంపు. ఫలితం వచ్చాక అందులో ఒక్క వాక్యం కూడా దిద్దకు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య