శనగ వేయబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మేనమామ ఆశీస్సులు.

నీవు ఉద్యోగం మానేసి శనగ పండించబోతున్నావనీ, చుట్టుపక్కల రైతులను కూడగట్టుకొని, మొక్కల నుంచి ప్రోటీన్ తీసే కర్మాగారానికి మూడేళ్ళపాటు గింజ సరఫరా చేసేలా ఒప్పందం రాసుకోబోతున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ మాట వినగానే నా మనసు ఉప్పొంగింది. కానీ మొదటి విత్తు తన వాటా చేలోనే పడుతుందని కూడా చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ చేను సంగతి మీ అమ్మ నీకు చెప్పి ఉండదు. చెప్పవలసినవాడిని నేను.

చిన్న విషయాలు ముందు ముగిస్తాను. శనగకు సరిపడే రైజోబియం కల్చర్‌నే, అంటే వేరు బుడిపెలలో చేరి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బాక్టీరియానే, విత్తనానికి పట్టించు. బఠాణీకి పనికివచ్చే బాక్టీరియా శనగ వేరుకు అక్కరకు రాదు. గింజను బాగా ఆరబెట్టి, తేమ 10 శాతం మించకుండా చూసుకొని నిల్వ చేయి. ఒప్పందంలో ప్రోటీన్ శాతాన్ని తేమతో కలిపి లెక్కిస్తారో, తేమ తీసేసి లెక్కిస్తారో విడమరచి రాయించుకో. 10 శాతం తేమ ఉన్న గింజలో 21 శాతం ప్రోటీన్ ఉంటే, తేమ తీసేసిన లెక్కలో అది 23 శాతం దాటుతుంది; ఈ తేడా దగ్గరే తగవులు పుడతాయి.

ఆ కర్మాగారంవారు ప్రోటీన్‌ను ఏ పద్ధతిలో వేరుచేస్తారో అడిగావా, అమ్మా? పిండిని క్షార గుణమున్న నీటిలో కలిపి, పీచునూ పిండిపదార్థాన్నీ తొలగించి, తరువాత ఆమ్లం చేర్చి ప్రోటీన్‌ను పేరబెట్టే తడి పద్ధతి అయితే 80 శాతానికి మించిన ప్రోటీన్ పొడి వస్తుంది. అలా కాక, మెత్తగా విసిరి గాలితో తూర్పారబట్టినట్టు వేరుచేసే పొడి పద్ధతి అయితే శనగతో చిక్కు ఉంది. బఠాణీలో కొవ్వు ఒకటి రెండు శాతమే. శనగలో ఐదారు శాతం. ఆ కొవ్వు వల్ల పిండి రేణువులు ఒకదానికొకటి అంటుకొని సరిగా విడిపోవు. అప్పుడు వారు శనగ వద్దు, బఠాణీ పండించమంటారు. ఇంకొక మాట. టన్ను శనగలో ప్రోటీన్ 200 కిలోలకు కాస్త పైన ఉంటుంది, అందులోనూ కొంత తీతలో పోతుంది. మిగిలిన పిండికీ పీచుకూ కొనేవారు లేకపోతే ప్రోటీన్‌కు ఎంత గిరాకీ ఉన్నా ఆ కర్మాగారం నిలబడదు. 2019 మే నెలలో, మొక్కల ప్రోటీన్‌తో మాంసం లాంటి ఆహారం తయారుచేసే బియాండ్ మీట్ కంపెనీ షేర్లు మార్కెట్టులోకి వచ్చిన మొదటి రోజే వాటి విలువ రెండింతలు దాటింది; కొన్నేళ్ళకే ఆ విలువలో అధిక భాగం కరిగిపోయింది. తినేవారి మనసు అంత త్వరగా మారగలదు. నేల అంత త్వరగా మారలేదు, తల్లీ. నేను ఆ సంగతిని మీ అమ్మ నేల మీద నేర్చుకున్నాను.

అప్పటికి నీకు నాలుగేళ్ళు. మీ నాన్నకు దూరాన ఉద్యోగం కావడంతో మీ అమ్మ తన వాటా నన్ను సాగు చేయమంది. ఆ ఏడాది శనగకు గిరాకీ పెరిగింది. ఎంత పండితే అంత తీసుకుంటానని ఒక కొనుగోలుదారు మాట ఇచ్చాడు. నా చేలోనూ, మీ అమ్మ చేలోనూ ప్రతి చాలులో శనగే వేశాను. పంట నిండుగా వచ్చింది. రెండో ఏడు మళ్ళీ అదే వేశాను, సొంత విత్తనంతోనే. ఒక మూల పది పదిహేను మొక్కలు వాలిపోయాయి. నీటి ఎద్దడి అనుకొని తడి ఇచ్చి ఊరుకున్నాను. ఒక్క మొక్కను పీకి చూడవలసింది, చూడలేదు. మూడో ఏడు జొన్న వేద్దామని మీ అమ్మ అంది. ఈ ధర మళ్ళీ రాదని ఆమె నోరు నేనే మూయించాను.

విత్తి నెల కాకముందే మొక్కలు తలలు వాల్చాయి. ఆకులు పచ్చగా ఉండగానే కాడలు వేలాడాయి; వేరు బయటికి కుళ్ళినట్టు కనిపించలేదు. పొరుగున ఉన్న వృద్ధ రైతు ఒకాయన ఒక మొక్కను పీకి, కాండాన్ని గోటితో నిలువునా చీల్చి నా కళ్ళ ముందు పెట్టాడు. లోపల ముదురు గోధుమరంగు చార. ఎండు తెగులు. నేలలో బతికే ఫ్యుజేరియం శిలీంధ్రం వేరు గుండా చొరబడి నీరు పారే నాళాలను మూసేస్తుంది. శనగ వేయకపోయినా అది ఆరేళ్ళ వరకు నేలలో ఉండగలదు. విత్తనంతో కూడా ప్రయాణిస్తుంది. నా విత్తనాన్ని నమ్మి తీసుకువెళ్ళిన ఇద్దరు రైతుల చేలకు కూడా నేనే దాన్ని చేర్చాను. ఆ రోజు మీ అమ్మ గట్టు మీద కూర్చుని, నన్ను ఒక్క మాట అనకుండా, చచ్చిన మొక్కలను పీకి కుప్ప వేసింది. ఆమె తిట్టి ఉంటే ఇన్నేళ్ళు ఇది నాలో ఇలా ఉండేది కాదేమో.

తెగులును తట్టుకునే రకాలున్నాయి కదా అంటావు. ఉన్నాయి, అవే వేయి. కానీ ఆ శిలీంధ్రంలో ఎనిమిది తెగలను శాస్త్రజ్ఞులు గుర్తించారు; ఒక తెగను తట్టుకున్న రకం మరొక తెగకు లొంగిపోవచ్చు. నాకు కోపం వచ్చింది దేనికంటే, ఉన్న భూమి అంతటికీ లెక్కగట్టి, మూడేళ్ళూ అంతే గింజ ఇస్తానని రాసివ్వబోతున్నావట! అంత చదివినదానివి, ఆ లెక్క ఎలా వేశావు? ఒక చేలో నాలుగేళ్ళకొకసారే శనగ వేయాలనుకుంటే, ఏటా 50 ఎకరాల గింజకు మాట ఇవ్వాలంటే నీ చేతి కింద 200 ఎకరాలు ఉండాలి. తక్కిన మూడేళ్ళూ జొన్న, గోధుమ వంటి ధాన్యం పండాలి. ఆ ధాన్యానికి కూడా కొనుగోలుదారును ఇప్పుడే వెతుకు. ప్రోటీన్‌లో ఉండే అమైనో ఆమ్లాలలో పప్పుగింజలో మిథియోనైన్ తక్కువ, ధాన్యంలో లైసిన్ తక్కువ. ప్రోటీన్ తయారీదారులు ఈ రెంటినీ కలుపుతూనే ఉంటారు కాబట్టి అదే కర్మాగారాన్ని అడిగి చూడు. అయితే గోధుమ కోసిన యంత్రాన్ని పూర్తిగా శుభ్రం చేయించకుండా శనగలోకి దించకు. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ లేని సరుకు అడిగేవారు నాలుగు గోధుమ గింజలు కనిపించినా లారీని వెనక్కి పంపుతారు.

కోప్పడ్డానని మనసు కష్టపెట్టుకోకు. నా లాగా నీకు తొందర ఉండదని నాకు తెలుసు. చిన్నప్పుడు చీమల బారు దాటాలన్నా ఆగి దారి ఇచ్చేదానివి.

ఇక ఆ చేను. మూడో ఏటి తరువాత అక్కడ శనగ వేయలేదు. కానీ కౌలుదారు మధ్యలో కంది, బఠాణీ వేశాడు. ఈ శిలీంధ్రం వాటి వేళ్ళలో కూడా, పైకి ఏ లక్షణమూ చూపకుండా, బతకగలదు. అందువల్ల ఈసారి ఆ చేను మొత్తాన్ని ఒప్పందంలో చేర్చకు. నా పంట పాడైన ఆ మూలన ఒక చిన్న మడి కట్టి, శిలీంధ్రం ఇంకా ఉందో లేదో తెలిసేలా, తెగులుకు తేలికగా లొంగే రకం విత్తనాన్ని వేయి. విత్తిన తేదీ నాకు చెప్పు. నెల నాటికి నేను వస్తాను. వాలిన మొక్కలను పీకి కాండాలు చీల్చి చూద్దాం. కొన్ని రకాలలో తెగులు కాయ పట్టే దశలో గానీ బయటపడదు, కాబట్టి అప్పుడు కూడా మళ్ళీ చూద్దాం. నిలబడిన మొక్కల వేరు బుడిపెలు కోసి, లోపల గులాబీ రంగు ఉందో లేదో కూడా చూద్దాం; ఆ రంగు ఉంటే బాక్టీరియా పని చేస్తున్నట్టు. ఆ రోజు మీ అమ్మను కూడా చేనికి తీసుకురా.

నీ మేనమామ