పోస్టులో ఉన్నది ఎవరి భయం?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: పీజీ ప్రాజెక్టు కోసం వరదల సమయంలో వచ్చిన తెలుగు పోస్టులు కొన్ని వేలు సేకరించాను. భావోద్వేగ పదాల జాబితా పెట్టుకుని లెక్కిస్తే దాదాపు అన్నిట్లోనూ భయమే వస్తోంది. తప్పు జాబితాదా, నాదా?

జవాబు: ఇద్దరిదీ. ఇలాంటి పనికి చాలామంది వాడేది ఎన్ఆర్‌సీ భావోద్వేగ పదకోశం. కెనడా జాతీయ పరిశోధన మండలి (ఎన్ఆర్‌సీ)లో సైఫ్ మహమ్మద్, పీటర్ టర్నీ దాన్ని తయారుచేశారు. సుమారు 14 వేల ఇంగ్లిష్ మాటలకు కోపం, భయం, దుఃఖం, సంతోషం, ఏవగింపు, ఆశ్చర్యం, నమ్మకం, ఎదురుచూపు అనే 8 గుర్తులు, వాటితోపాటు అనుకూల, ప్రతికూల గుర్తులు అందులో ఉంటాయి. దాని తెలుగు జాబితా యంత్రానువాదం. తెలుగువాళ్లు కూర్చుని ఒక్కో మాటా తూచి రాసింది కాదు.

మరణం, ప్రమాదం లాంటి మాటలకు ఇలాంటి జాబితాల్లో భయం గుర్తు ఉంటుంది. మామూలు రోజుల్లో అది చెల్లుతుంది. విపత్తులో అవే వార్త మాటలు. ‘ప్రమాదం తప్పింది, రాకపోకలు మొదలయ్యాయి’ అన్న ఊరట కూడా భయం ఖాతాలోకి పోతుంది. అందుకని ముందు మీ పోస్టుల్లో ఎక్కువసార్లు వచ్చిన 200 మాటలు తీసి ఒక్కొక్కటీ చూడండి. సంఘటనను చెప్పేవే తప్ప మనసును చెప్పనివాటిని జాబితాలోంచి కొట్టేయండి. ‘పాజిటివ్’ను మరిచిపోవద్దు. ‘బి పాజిటివ్ రక్తం అత్యవసరం’ అనే పోస్టును ఆశాభావంగా లెక్కగట్టే ప్రోగ్రాములు ఉన్నాయి.

ఇక తెలుగు తెచ్చే చిక్కు. పూర్తి మాట కోసం వెతికితే ‘భయం’ దొరుకుతుంది గానీ భయమేసింది, భయంగా, భయపడ్డాం జారిపోతాయి. పోనీ అని ‘భయ’ అనే ముక్క కోసం వెతికితే ‘ఉభయ’, ‘అభయం’ కూడా వలలో పడతాయి. ‘ప్రకృతి ప్రకోపం’లో కోపం దొరకడమూ ఇలాంటిదే. మాట మొదట్లో ఉన్న ముక్కను మాత్రమే పట్టుకునేలా రాసి, మినహాయింపుల జాబితా ఒకటి పక్కన పెట్టుకోండి.

కాదు, లేదు సంగతి ఇంకా ముఖ్యం. ఇంగ్లిష్ కోసం రాసిన ప్రోగ్రాములు కాదనే మాటను భావ పదానికి ముందు వెతుకుతాయి. మనకు అది వెనక వస్తుంది, లేదా క్రియలోనే కలిసిపోతుంది: భయం లేదు, భయపడలేదు, భయపడకండి, భయపడొద్దు. విపత్తులో చివరి రెండూ కుప్పలుతెప్పలుగా వస్తాయి. అవి ధైర్యం చెప్పే మాటలు. వాటికి విడిగా ఒక గుర్తు పెట్టండి. ఇవన్నీ సరిచేశాక యంత్రం ‘భయం’ అన్న పోస్టుల్లోంచి 100 లాటరీ పద్ధతిలో తీసి చదవండి. కనీసం 70 నిజంగా భయమే కాకపోతే గ్రాఫు గీయకపోవడం మంచిదని మా అభిప్రాయం.

ప్రశ్న: ఒక దుర్ఘటన తర్వాత గంటగంటకూ జనంలో కోపం పెరిగినట్టు మా గ్రాఫు చూపిస్తోంది. కథనం రాయవచ్చా? – ఒక పాత్రికేయుడు

జవాబు: రాసేముందు ఈ ఉదంతం చూడండి. 2001 సెప్టెంబరు 11 నాటి అమెరికా పేజర్ (పొట్టి సందేశాలు అందుకునే పాత చేతి పరికరం) సందేశాలను పరిశీలించి, ఆ రోజంతా కోపం పెరుగుతూ పోయిందని 2010లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. మరుసటి ఏడాది సింథియా ప్యూరీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ముడి సందేశాలు తిరగేశారు. ఒక కంప్యూటర్‌ను రీబూట్ చేయమంటూ యంత్రం తనంతట తానే ఒకే పేజర్‌కు పంపినవి వాటిలో దాదాపు 6 వేలున్నాయి. ప్రతిదాంట్లోనూ ‘క్రిటికల్’ అన్న మాట ఉంది. లెక్కించిన ప్రోగ్రాము దృష్టిలో అది కోపం మాట. ఆ సందేశాలను పక్కన పెడితే పెరుగుదల చాలావరకు మాయమైంది.

మీ గ్రాఫులో పేజర్ ఉండదు గానీ కాపీ పేస్ట్ సందేశాలు, ఆటోమేటిక్ ఖాతాలు, రీషేర్లు ఉంటాయి. ఒకే పాఠం ఉన్నవన్నీ ఒక్కటిగా కలపండి. ఎంతమంది పంచుకున్నారన్నది వేరే గడిలో రాయండి, అదీ సమాచారమే. ఒక ఖాతా నుంచి రోజుకు 5 పోస్టులకు మించి తీసుకోకండి. కోపం పోస్టుల సంఖ్య కాదు, మొత్తంలో వాటి శాతం గీయండి. గంటకు 50 పోస్టులు కూడా లేనిచోట మూడు గంటలు కలిపేయండి. పోస్టుల సమయం తరచు యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)లో నమోదై ఉంటుంది, స్థానిక సమయానికి మార్చారో లేదో చూడండి. అప్పటికీ శిఖరం నిలబడితే, ఆ గంటలోని పోస్టులు కూర్చుని చదవండి. కోపం ఎవరి మీద? అధికారుల మీదా, వదంతి పుట్టించినవాళ్ల మీదా, టీవీ చర్చ మీదా? శీర్షిక దాన్నిబట్టే మారిపోతుంది.

‘జనంలో’ అన్న మాట మాత్రం తీసేయండి. 2012లో శాండీ తుపాను వచ్చినప్పుడు న్యూయార్క్‌లో ఎక్కువ ట్వీట్లు మన్‌హాటన్ నుంచి వచ్చాయి. బాగా దెబ్బతిన్న రాకవే, కోనీ ఐలాండ్ ప్రాంతాల నుంచి వచ్చినవి తక్కువ. కరెంటు లేదు, ఫోన్లలో చార్జింగ్ లేదు. అంతా కోల్పోయినవాళ్ల నిశ్శబ్దం మీ గ్రాఫులో ప్రశాంతతలా కనబడుతుంది.

ప్రశ్న: భావాన్ని గుర్తించడం ఉదాహరణల నుంచి నేర్చుకునే ప్రోగ్రాముకు (మోడల్‌కు) శిక్షణ ఇవ్వడానికి ఎన్ని పోస్టులకు గుర్తులు పెట్టాలి? ఒక్కరు పెడితే చాలదా?

జవాబు: చాలదు. ముగ్గురు కావాలి. ముందు 200 పోస్టులకు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా గుర్తులు పెట్టి ఫ్లైస్ కప్పా (ముగ్గురి గుర్తులు ఎంతవరకు కలిశాయో చెప్పే కొలత, పూర్తిగా కలిస్తే 1) లెక్కించండి. అది 0.6కు తగ్గితే మనుషుల్ని మార్చకండి, సూచనల పత్రాన్ని తిరగరాయండి. గొడవ ఎక్కువగా వచ్చేది ఒకే చోట: రాసినవాడి భావమా, చదివిన మనకు కలిగిన భావమా? ‘పాప ఇంకా దొరకలేదు’ అన్నది తల్లి రాస్తే ఒకటి, వార్తాసంస్థ రాస్తే మరొకటి. రెండో దానికి ‘భావం లేదు’ అనే గుర్తు ఉండాలి. అది లేని పద్ధతిలో ప్రతి వార్తా దుఃఖమైపోతుంది. ఒకే పోస్టుకు రెండు భావాలు పెట్టనివ్వండి, కోపమూ దుఃఖమూ కలిసే వస్తాయి.

మొత్తం 1,500 నుంచి 2,000 పోస్టులతో మొదలుపెట్టవచ్చు. పరీక్షకు ఉంచేవి మాత్రం వేరే సంఘటనలోంచి తీసుకోండి. ఒకే వరదలోని పోస్టులను కలగాపులగంగా విడదీస్తే ఇంచుమించు ఒకేలా ఉన్నవి శిక్షణ, పరీక్ష రెండు వైపులా చేరి, మార్కులు ఉత్తుత్తిగా ఎక్కువ వస్తాయి. ఒక్కో భావానికి ఎఫ్1 స్కోరు (మోడల్ ఆ భావాన్ని ఎంత సరిగ్గా, ఎంత పూర్తిగా పట్టిందో ఒకే అంకెలో చెప్పే కొలత) విడిగా చూడండి. మొత్తం సగటు బాగున్నా ఏవగింపు సున్నా అయి ఉండవచ్చు.

ప్రశ్న: సగం పోస్టులు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగులో ఉన్నాయి. వదిలేయాలా?

జవాబు: వద్దు, కుర్రకారు గొంతు చాలావరకు అక్కడే ఉంటుంది. గూగుల్ వాళ్ల మ్యూరిల్, మెటా వాళ్ల ఎక్స్ఎల్ఎం-రాబర్టా అనే భాషా మోడళ్లు రెండూ శిక్షణలో అలాంటి తెలుగును కూడా చూసినవే. ఎమోజీలను తుడిచేయకండి, అయితే చేతులు జోడించిన బొమ్మను గుడ్డిగా నమ్మకండి. విపత్తులో అది వేడుకోలు, కృతజ్ఞత, నివాళి, ఏదైనా కావచ్చు.

ప్రశ్న: మాది స్వచ్ఛంద బృందం. వచ్చే పోస్టుల్లో భావ తీవ్రతను బట్టి సాయానికి వరస పెట్టవచ్చా?

జవాబు: పెట్టవద్దు. నిజంగా చిక్కుకున్నవాళ్లు చాలాసార్లు పొడిపొడిగా రాస్తారు: ‘ముగ్గురం, మొదటి అంతస్తు, ఇన్సులిన్ అయిపోయింది.’ ఇందులో భావ పదం ఒక్కటీ లేదు. దూరాన ఉండి టీవీ చూస్తున్నవాళ్ల పోస్టు కన్నీళ్లతో నిండి ఉంటుంది. మీ పట్టికలో అవసరం ఏమిటి, ఎంతమంది, ఎక్కడ అన్న గడులు ముందుండాలి. భావం గడి ఉండాలనుకుంటే చివర పెట్టండి. ఫోన్ నంబర్లు, చిరునామాలు సాయం చేసేవాళ్లకు మాత్రమే కనబడాలి. విశ్లేషణకు పంపే నకలులో వాటిని తీసేయండి, నివేదికలో పోస్టులను ఉన్నదున్నట్టు ఉటంకించకండి, వెతికితే మనిషి దొరికిపోతాడు. అభ్యర్థన పక్కన మొదటి పోస్టు సమయం రాయండి, రీషేర్ సమయం కాదు. తీరిపోయిన అవసరాలు రోజుల తరబడి చక్కర్లు కొడుతూనే ఉంటాయి.